డ్యామ్ నీళ్ళ లెక్కలు యానిమేషన్‌లో జనానికి అర్థమయ్యేలా చెప్పాలంటే ఎలా?

డెల్టా_కుర్రోడు:
అందరికీ నమస్తే. వరదల సీజన్లో కృష్ణా ప్రాజెక్టుల మీద నిమిషం లోపు యానిమేటెడ్ ఇన్ఫోగ్రాఫిక్ వీడియోలు చేద్దామని కూర్చున్నా, జూరాల నుంచి శ్రీశైలం, సాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ దాకా ఎక్కడ ఎన్ని నీళ్ళున్నాయి, ఎంత వస్తోంది, ఎంత వదుల్తున్నారు అనేది. ప్రస్తుతానికి ఐదు ప్రాజెక్టులకి ఐదు డబ్బాలు పెట్టా, లెవెల్ పెరిగేకొద్దీ నీలం రంగు పైకి లేస్తుంది, పక్కన ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో నంబర్లు గిర్రున తిరిగి ఆగుతాయి. మా ఊళ్ళో రైతులకి చూపిస్తే "బొమ్మ బానే ఉంది, ఇంతకీ నీళ్ళు చాలా ఉన్నట్టా లేనట్టా" అంటున్నారు. నీటిమట్టం అడుగుల్లో, నిల్వ టీఎంసీల్లో (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు), ప్రవాహం క్యూసెక్కుల్లో (సెకనుకి ఎన్ని ఘనపుటడుగులు), ఈ మూడూ ఒకే ఫ్రేమ్‌లో ఎలా ఇరికించాలి? ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నా.

లస్కరు_గారబ్బాయి:
తమ్ముడూ ముందు ఆ డబ్బాలు తీసెయ్. శ్రీశైలం రిజర్వాయర్ మూకుడు టైపు, అడుగున ఇరుకు పైకి పోయేకొద్దీ వెడల్పు. ఫుల్ లెవెల్ 885 అడుగులకి 215.8 టీఎంసీలు, అదే 854 అడుగుల దగ్గర ఉండేది రమారమి 89. అంటే పైనున్న 31 అడుగుల్లోనే సగానికి మించి నీళ్ళున్నాయన్నమాట. నువ్వు సున్నా నుంచి 885 దాకా స్కేలు గీసి 854 దగ్గర నీలం రంగు ఆపితే చూసేవాడికి డ్యామ్ 96 శాతం నిండినట్టు కనపడుద్ది, నిజానికి ఉన్నది 41 శాతమే. పైగా ఆ అడుగులు సముద్రమట్టం నుంచి లెక్క, డ్యామ్ అడుగు నుంచి కాదు, కాబట్టి ఆ సున్నాకే అర్థం లేదు. రైతుకి కావాల్సింది టీఎంసీ. నిండటం దాంతోనే చూపించు, అడుగులు కావాలంటే మూలన చిన్నగా రాసుకో.

మోషన్_మాస్టారు:
పై అన్న చెప్పింది కరెక్ట్, డేటా షేపే తప్పయితే ఎంత స్మూత్‌గా కదిలించినా తప్పే కదులుద్ది. నాది ఇంకో గొడవ. మూడూ ఒకే ఫ్రేమ్‌లో ఎందుకు బాబూ? ఒక వీడియోకి ఒక్క ప్రశ్న పెట్టుకో. "వరద ఇంత వచ్చింది కదా, బ్యారేజీలో ఆపుకోవచ్చుగా" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు చూడు, దాన్నే తీసుకో. 2024 సెప్టెంబర్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ, ఆ లెక్కన 11.43 లక్షలంటే రోజుకి దాదాపు 99 టీఎంసీలు. బ్యారేజీ పట్టేదేమో 3.07. ఖాళీ బ్యారేజీ అనుకున్నా ముప్పావుగంటలో నిండిపోద్ది! ఇప్పుడు స్క్రీన్ మీద ఒక గడియారం, ఒక బ్యారేజీ, అంతే. ముల్లు 45 నిమిషాలు తిరిగేసరికి బ్యారేజీ నిండి పొర్లుద్ది, గడియారం మాత్రం ఆగకుండా 24 గంటలూ తిరుగుద్ది. క్యూసెక్కు అంటే ఏంటో నువ్వు విడిగా చెప్పక్కర్లేదు.

ఇంకోటి, ఆ గిర్రున తిరిగే నంబర్లు తీసెయ్ దయచేసి. తిరిగేటప్పుడు కనపడే అంకెలు ఏ రోజు లెక్కా కాదు, కన్ను మాత్రం అటే పోద్ది, ఈలోపు అసలు మార్పు అయిపోద్ది. ఏది మారిందో అదే కదలాలి, మిగతాదంతా కదలకుండా పడుండాలి.

చార్టుల_చాదస్తం:
అసలు యానిమేషన్ అవసరమా అని కూడా అడుక్కోండి ఒకసారి. స్వీడన్ ప్రొఫెసర్ హాన్స్ రోస్లింగ్ 2006 టెడ్ టాక్‌లో చార్టు మీద ఒక్కో దేశానికి ఒక్కో బుడగ పెట్టి, అవి కదుల్తుంటే లోకం అంతా చూసింది నిజమే, కానీ అక్కడ ఆయన పక్కన నిలబడి ఇది చూడండి అది చూడండి అని ఊపిరాడకుండా కామెంటరీ చెప్పాడు. 2008లో రాబర్ట్‌సన్, స్టాస్కో అనే పరిశోధకుల బృందం వాళ్ళు ఇలాంటి కదిలే చార్టుల మీదే ఒక స్టడీ చేశారు, జనానికి యానిమేషన్ తెగ నచ్చింది గానీ తప్పులు చాలా చేశారు, కూర్చుని విశ్లేషించాలంటే చిన్న చిన్న చార్టులు కదలకుండా పక్కపక్కన పెట్టినవే మెరుగని తేలింది. కాబట్టి గడియారం ఐడియాకి యానిమేషన్ సరిపోద్ది, ఎందుకంటే అక్కడ టైమే కథ. పోయినేడు, ఈ ఏడు స్టోరేజీ పోల్చాలంటే మాత్రం రెండూ పక్కపక్కన పెట్టిన ఒక్క ఫొటో చాలు.

మోషన్_మాస్టారు:
ఫొటో పెడితే ఎవడు చూస్తాడు సార్ ఈ రోజుల్లో 😀 అయినా ఒప్పుకుంటా, మధ్యేమార్గం ఏంటంటే ప్రతి దశ చివర కనీసం రెండు సెకన్లు పూర్తిగా ఆపు, పాజ్ కొట్టినా పనికొచ్చే ఫ్రేమ్ అది.

ఒత్తుల_రావు:
తెలుగు అక్షరాల సంగతి ఎవరూ చెప్పలేదేంటి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఒత్తులు విడిపోయి వస్తుంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద టెక్స్ట్ ఇంజిన్ చూడండి, సౌత్ ఏషియన్ ఉన్న ఆప్షన్ పెట్టాలి. అక్షరం అక్షరం ఎగిరొచ్చే యానిమేటర్ మాత్రం తెలుగుకి వద్దు, "క్యూసెక్కులు"లో క ఒకచోట, దాని ఒత్తు ఇంకోచోట తేలుద్ది. రేంజ్ సెలెక్టర్ అడ్వాన్స్‌డ్‌లోకెళ్ళి బేస్డ్ ఆన్ దగ్గర వర్డ్స్ పెట్టుకుంటే పదం మొత్తం ఒకేసారి వస్తది. ఫాంట్ కూడా లావుది తీసుకోండి, సన్నవి ఫోన్లో అస్సలు కనపడవు.

డెల్టా_కుర్రోడు:
అన్నా అందరికీ థాంక్స్, డబ్బాలు తీసేసి టీఎంసీల మీద మళ్ళీ గీస్తా, ముందు గడియారం వీడియో చేస్తా. ఒక్క డౌటు, రోజూ మారే లెక్క కదా, వాయిస్‌లో తేదీ చెప్తే సరిపోద్దా?

లస్కరు_గారబ్బాయి:
సరిపోదు. సగం మంది సౌండ్ లేకుండానే చూస్తారు. తేదీతో పాటు ఎన్ని గంటల రీడింగో కూడా బొమ్మలోనే, మొదటి ఫ్రేమ్ నుంచి చివరిదాకా కనపడేట్టు పెద్దగా వెయ్. లేకపోతే ఈ ఆగస్టులో చేసింది వచ్చే ఆగస్టులో వాట్సాప్‌లో తిరుగుద్ది, "గేట్లెత్తేశారు" అని లంక ఊళ్ళల్లో జనం సామాన్లు సర్దుకుంటారు.