డీ డ్రైవ్‌ల ఒక్క ఫోల్డర్‌కి పాస్‌వర్డ్ పెట్టాలె, ఎట్ల? (విండోస్ 10 హోమ్)

మల్కాజిగిరి_మామ

అందరికి నమస్తే. మా ఇంట్ల ఒక్కటే కంప్యూటర్, హాల్ల ఉంటది, అందరికి ఒకటే లాగిన్, దానికి పాస్‌వర్డ్ గూడ లేదు. పిల్లల స్కూల్ ప్రాజెక్టులు, మా ఇంటామె బ్లౌజ్ డిజైన్లు, బామ్మర్ది గ్రూప్ టూ మాక్ టెస్టులు అన్నీ దాంట్లనే. డీ డ్రైవ్‌ల నాదొక ఫోల్డర్ ఉన్నది, ఘట్‌కేసర్ దిక్కు తీస్కున్న ప్లాట్ సేల్ డీడ్ స్కానింగులు, ఈసీ, ఎల్ఐసీ బాండ్లు, ఐటీ రిటర్న్‌లు, అమ్మ హాస్పిటల్ రిపోర్టులు ఇసొంటియి. మొన్న పండ్గకు చుట్టాలొస్తే ఒకాయన టికెట్ ప్రింట్ తీస్కుంట అని కూసొని ఆ ఫోల్డర్ మొత్తం తిరగేసిండు, అన్నం తినేకాడ అందరి ముంగట "ఏం బావా, గజం గంత సస్తాల దొరికిందా" అని అడుగుతుండు. ఏం చెప్పాలె చెప్పుండ్రి.

రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌ల అడ్వాన్స్‌డ్‌కి పోయి చూసిన, ఎన్‌క్రిప్ట్ అని ఉన్నది గాని బూడిద రంగుల ఉన్నది, టిక్ పడ్తలేదు. యూట్యూబ్‌ల నోట్‌ప్యాడ్‌ల ఏదో కోడ్ పేస్ట్ చేసి ఫోల్డర్ లాకర్ తయారు చేసేది చూపిస్తున్నరు, అది నమ్మొచ్చా? ఇంకోటి, హార్డ్ డిస్క్ మస్తు స్లో అయింది, ఎస్‌ఎస్‌డీ (జల్ది నడిచే కొత్త రకం డిస్క్) ఏపిద్దామని సీటీసీకి (సికింద్రాబాద్‌ల కంప్యూటర్ షాపులుండే కాడికి) తీస్కపోవాలె, ఆళ్ల చేతిల పెట్టకముందే ఇది తేల్చుకుందామని.

బుల్లెట్_బంటి

సింపుల్ బ్రో, ప్రాపర్టీస్‌లో హిడెన్ టిక్ కొట్టు, ఫోల్డర్ మాయం. లేదంటే ఆ నోట్‌ప్యాడ్ లాకర్ కూడా బానే పనిచేస్తది, నేను కాలేజ్ టైంలో వాడిన.

కేపీహెచ్‌బీ_కీబోర్డ్

బంటీ, గ్రూప్ టూ చదివే కుర్రాడికి వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ అని టిక్ కొట్టడం రాదంటావా? ఆ నోట్‌ప్యాడ్ లాకర్ కూడా చేసేది అదే, ఫోల్డర్ పేరు మార్చి హిడెన్, సిస్టమ్ అని రెండు ముద్రలు వేస్తుంది అంతే. పైగా పాస్‌వర్డ్ ఆ కోడ్ సేవ్ చేసిన బ్యాట్ ఫైల్ లోపలే మామూలు అక్షరాల్లో రాసి ఉంటుంది, రైట్ క్లిక్ చేసి ఎడిట్ అంటే ఎవరికైనా కనిపిస్తుంది. దాని జోలికి వెళ్ళకండి మామా.

మీకు బూడిద రంగులో కనిపించిన ఆప్షన్ హోమ్ ఎడిషన్‌లో పనిచెయ్యదు, ప్రోలో పనిచేస్తుంది. అయితే అది ఉన్నా మీకు లాభం లేదు, అది పాస్‌వర్డ్ అడగదు, ఆ లాగిన్‌లోకి వచ్చినవాళ్ళకి ఫైల్ మామూలుగానే తెరుచుకుంటుంది, మీ ఇంట్లో అందరిదీ ఒకటే లాగిన్ కదా. ఎక్స్‌పీ రోజుల్లో జిప్ ఫోల్డర్‌కి పాస్‌వర్డ్ పెట్టుకునే ఏర్పాటు విండోస్‌లోనే ఉండేది, విస్టా నుంచి తీసేశారు, ఎందుకు తీసేశారో వాళ్ళకే తెలియాలి.

ముందు మీరు దాచేది ఎవరి దగ్గర్నుంచో తేల్చుకోండి. పిల్లలు, చుట్టాలు అయితే వేరే లాగిన్లు చాలు. మీ అకౌంట్‌కి పాస్‌వర్డ్ పెట్టి, సెటింగ్స్‌లో అకౌంట్స్‌కి వెళ్ళి ఇంట్లోవాళ్ళకి ఇంకో యూజర్ చెయ్యండి, అది స్టాండర్డ్‌గానే ఉండాలి, అడ్మిన్ ఇవ్వొద్దు. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. సీ డ్రైవ్‌లో మీ యూజర్ పేరు మీద ఉండే డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ మాత్రమే వేరేవాళ్ళకి తెరుచుకోవు, డీ డ్రైవ్‌లో పెట్టింది మామూలుగా అన్ని లాగిన్లకీ కనిపిస్తుంది, తీసెయ్యడానికి కూడా వీలవుతుంది. మనవాళ్ళందరం విండోస్ పోయినా ఫైల్స్ మిగులుతాయని అన్నీ డీలోనే పెడతాం కదా, అందుకని ఎన్ని లాగిన్లు చేసినా ఉపయోగం ఉండదు. ఫోల్డర్‌ని మీ డాక్యుమెంట్స్‌లోకి మార్చండి. కుర్చీ లోంచి లేచేటప్పుడు విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కి లేవండి.

షాపువాళ్ళ సంగతైతే లాగిన్ సరిపోదు, ఫైల్సే ఎన్‌క్రిప్ట్ అవ్వాలి, అంటే పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేనట్టు మారిపోవాలి. దానికి వెరాక్రిప్ట్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది. ఇదివరకు ట్రూక్రిప్ట్ అని ఉండేది, 2014లో దాన్ని ఆపేశారు, ఆ కోడ్ మీదే కట్టింది ఇది. క్రియేట్ వాల్యూమ్ కొట్టి, ఫైల్ కంటైనర్ ఎంచుకుని, సైజ్ ఒక 5 జీబీ ఇచ్చి పాస్‌వర్డ్ పెడితే 5 జీబీ ఫైల్ ఒకటి తయారవుతుంది. దాన్ని మౌంట్ చేసి పాస్‌వర్డ్ కొడితే మై కంప్యూటర్‌లో జడ్ డ్రైవో ఎక్స్ డ్రైవో కొత్తగా వస్తుంది, పెన్‌డ్రైవ్ పెట్టినట్టే, అందులోకి కాపీ చేసుకోండి. పని అయ్యాక డిస్‌మౌంట్ (కొత్త వెర్షన్లలో అన్‌మౌంట్ అని ఉంటుంది) కొడితే డ్రైవ్ మాయం, మిగిలేది లోపల ఏముందో ఎవరికీ అర్థం కాని ఫైల్.

సెవెన్‌జిప్ అనే ఫ్రీ జిప్ సాఫ్ట్‌వేర్‌తో కూడా చెయ్యొచ్చు, అందులోనూ ఏఈఎస్ 256 అనే గట్టి ఎన్‌క్రిప్షనే. ఫార్మాట్ సెవెన్‌జడ్ పెట్టి, ఎన్‌క్రిప్ట్ ఫైల్ నేమ్స్ అని టిక్ కొట్టాలి, లేకపోతే ఫైల్ తెరవలేకపోయినా "ఘట్‌కేసర్ సేల్ డీడ్" అన్న పేరు మాత్రం కనిపిస్తుంది. ఎవరికైనా మెయిల్లో పంపడానికి ఇది బాగుంటుంది. రోజూ తెరిచి మూసే ఫోల్డర్‌కి మాత్రం చిరాకు, పైగా తెరిచినప్పుడల్లా టెంప్ ఫోల్డర్‌లో తాళం లేని కాపీ ఒకటి పడుతుంది.

అన్నట్టు డీడ్‌లో రేటు చూసి గజం అంతేనా అని అడిగారంటే ఆ బావగారు ఈ ఊళ్ళో ప్లాట్ కొని ఉండరు 😄

ప్యారడైజ్_రిపేర్_భాయ్

షాప్ల పనిచేసేటోన్ని, నా మాట గూడ ఇనుండ్రి. మీ విండోస్ పాస్‌వర్డ్‌తో మాకు పనే లేదు భాయ్, డిస్క్ ఊడపీకి యూఎస్‌బీ కేసుల పెట్టి ఇంకో కంప్యూటర్‌కి గుచ్చితే మొత్తం కనిపిస్తది, డాక్యుమెంట్స్ గూడ. ఎవ్వడు చూడడు, ఆడ ఆళ్లకి గంత టైం ఉండదు, కాని చూడాలంటే అడ్డమేం లేదు. పైన అన్న చెప్పిన వెరాక్రిప్ట్ ఫైలైతే మేము క్లోన్ చేస్తం, ఫైల్ మొత్తం గట్లనే కొత్త ఎస్‌ఎస్‌డీకి పోతది, లోపల ఏమున్నదో మాకు తెల్వది.

కంటైనర్ల ఏస్కున్నంక పాత ఫోల్డర్ డిలీట్ కొట్టి రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే అయిపాయె అనుకోకుండ్రి. రికవరీ సాఫ్ట్‌వేర్ పెడితే మళ్ల లేసొస్తయి, రోజు ఎవరికో ఒకరికి పెండ్లి ఫోటోలు మేము అట్లనే తీసిస్తం. కమాండ్ ప్రాంప్ట్‌ల సైఫర్ కమాండ్‌కి స్లాష్ డబ్ల్యూ పెట్టి డీ డ్రైవ్ పేరు ఇస్తే ఖాళీ జాగ మొత్తం మీద మళ్ల రాస్తది, మీది పాత హార్డ్ డిస్క్ కాబట్టి రాత్రి పెట్టి పండుకోండి. ఎస్‌ఎస్‌డీల మీద ఈ తిప్పలు గంత నమ్మకం లేదు. పాత డిస్క్ షాప్ల ఇడ్వకుండ్రి, ఎక్స్ఛేంజ్ అని రెండొందలు తగ్గిస్తమంటే ఆశపడకుండ్రి.

కొత్త ల్యాప్‌టాప్‌లు ఉన్నోళ్లకి గూడ ఒక ముచ్చట. విండోస్ 11 వాటిల్ల చానామటుకు ఎన్‌క్రిప్షన్ ఆన్ అయ్యే వస్తున్నయి, ఓనర్‌కి తెల్వనే తెల్వదు. మదర్‌బోర్డ్ మార్చినంక 48 అంకెల రికవరీ కీ అడుగుతది, అది మైక్రోసాఫ్ట్ అకౌంట్ల ఉంటది, ఏ మెయిల్‌తో చేసిండ్రో యాదికుండదు, మా మీద ఒర్లుతరు. రిపేర్‌కి ఇచ్చేముందు ఆ కీ తీసి రాసి పెట్టుకోండి.

మారేడ్‌పల్లి_మాధవి

అందరూ తాళం వెయ్యడం గురించే చెప్తున్నారు. మా నాన్నగారు ఎఫ్‌డీలు, షేర్లు అన్నీ ఒక ఎక్సెల్‌లో రాసుకుని ఓపెన్ చేసేటప్పుడు అడిగేలా పాస్‌వర్డ్ పెట్టుకున్నారు. ఆయన పోయాక ఆ ఫైల్ ఇప్పటికీ తెరుచుకోలేదు, అమ్మ పేరు, మా పేర్లు, ఇంటి నంబర్, స్కూటర్ నంబర్ అన్నీ కొట్టి చూశాం. చివరికి ఏ బ్యాంక్‌లో ఏముందో పాత పాస్‌బుక్కులు, పోస్టులో వచ్చిన కాగితాలు పట్టుకుని తిరగాల్సి వచ్చింది. వెరాక్రిప్ట్‌లో కూడా మర్చిపోతే ఫర్గాట్ పాస్‌వర్డ్ లాంటిదేమీ ఉండదు కదా. కాగితం మీద రాసి కవర్‌లో పెట్టి ఒరిజినల్ డాక్యుమెంట్లు ఉన్న బీరువాలోనే పెట్టండి, ఆ ఒరిజినల్స్ చూడగలిగినవాళ్ళు స్కానింగ్ చూస్తే మాత్రం ఏమైంది. మీ మిసెస్‌కి ఒక మాట చెప్పి ఉంచండి.

పేరు, పుట్టిన సంవత్సరం మాత్రం పెట్టకండి. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి ఉండేది అదే కదా, పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన ఏడాది, చుట్టాలకి అది అసలు పాస్‌వర్డే కాదు. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి పెద్దగా పెట్టుకుంటే గుర్తూ ఉంటుంది.

మల్కాజిగిరి_మామ

అందరికి మస్తు థ్యాంక్స్. లాగిన్లు వేరు చేసిన, బామ్మర్ది జర మూతి ముడ్సుకున్నడు, అడ్మిన్ గావాల్నట. వెరాక్రిప్ట్ పెట్టిన, పాస్‌వర్డ్ కవర్ల పెట్టి మా ఇంటామెకి చూపిచ్చిన. ఒక్క డౌట్. ఆ కంటైనర్ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌ల గూడ పెట్టుకుందామని కాపీ చేసిన, నిన్న లోపల ఇంకో రెండు స్కానింగులు ఏసిన, కాని ఫైల్ మీద డేట్ పాతదే చూపిస్తుంది, సైజ్ గూడ అంతే ఉన్నది. సేవ్ అయినయా లేదా?

కేపీహెచ్‌బీ_కీబోర్డ్

సేవ్ అయ్యాయి మామా, కంగారు పడకండి. సైజ్ మొదట ఇచ్చిన 5 జీబీయే ఎప్పుడూ ఉంటుంది, ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా. డేట్ మారకుండా ఉంచడం వెరాక్రిప్ట్ కావాలనే చేస్తుంది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు డేట్, సైజ్ చూసి ఏమీ మారలేదనుకుని కొత్త కాపీ తీసుకోవు, అదీ దీంతో వచ్చే ఇబ్బంది. ప్రిఫరెన్సెస్‌లో ప్రిజర్వ్ మాడిఫికేషన్ టైమ్‌స్టాంప్ అని ఉంటుంది, ఆ టిక్ తీసెయ్యండి. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసేముందు మాత్రం డిస్‌మౌంట్ చెయ్యండి, తెరిచి ఉండగా చెయ్యొద్దు.