లక్ష్యాలు రాసుకోవడం విశ్వాసం లేకపోవడమా?

అందరికీ వందనాలు. చాలా రోజులుగా నలుగుతున్న ప్రశ్న ఇది. ప్రతి జనవరిలో డైరీ మొదటి పేజీలో మూడు రాసుకుంటాను: బైబిల్ మొత్తం చదవాలి, అప్పు తీర్చాలి, ఆగిపోయిన అకౌంట్స్ పరీక్ష పాస్ అవ్వాలి. మొన్న పాత డైరీలు తీసి చూస్తే మూడేళ్లుగా అవే మూడు, అదే వరుస, ఇంకు రంగు ఒక్కటే మారింది. ఈ మాట ప్రార్థన గుంపులో చెప్తే ఒక అన్నయ్య, "ప్లాన్లు వేసుకోవడం శరీర సంబంధమైన పని, దేవుడే నడిపిస్తాడు, నువ్వు కూర్చుని కనిపెట్టు (అంటే ఆయన కోసం ఎదురుచూడు)" అన్నారు. అప్పటినుంచి డైరీ తెరిస్తేనే తప్పు చేస్తున్నట్టు ఉంది, తెరవకపోతే బద్ధకం అనిపిస్తోంది. నిజంగా గోల్స్ పెట్టుకోకూడదా? పెట్టుకుని ఫెయిలైతే అది దేవుని చిత్తం కాదనుకోవాలా, నా చేతగానితనం అనుకోవాలా?

జవాబు 1

బ్రదర్, ఆ అన్నయ్య మనసులో కొత్త నిబంధనలోని యాకోబు పత్రిక 4వ అధ్యాయం ఉండుంటుంది. 13వ వచనం నుంచి నిదానంగా చదవండి. ఫలానా పట్టణానికి వెళ్తాం, ఏడాది ఉంటాం, వ్యాపారం చేసి లాభం సంపాదిస్తాం అనేవాళ్లను అక్కడ గద్దించాడు, నిజమే. కానీ మానేయమన్నాడా? "ప్రభువు చిత్తమైతే మనము బ్రదికియుండి ఇది అది చేతము" అనమన్నాడు. "ఇది అది చేతము" అన్నది అలాగే ఉంది చూడండి. ఆయన తప్పుపట్టింది రేపు తన చేతిలో ఉన్నట్టు మాట్లాడే డంబాన్ని, లెక్క వేసుకోవడాన్ని కాదు. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని లూకా 14లో అడిగింది యేసే కదా.

జవాబు 2

పై మాటకు ఆమేన్. నాకైతే ఈ విషయంలో నెహెమ్యానే గుర్తొస్తాడు, పారసీక రాజు కొలువులో ఉన్న యూదుడు. యెరూషలేము గోడ కూలిపోయి ఉందన్న సంగతి విన్నది యూదుల కిస్లేవు నెలలో, దాన్ని కట్టడానికి వెళ్తానని రాజును అడిగింది నీసాను నెలలో, అంటే దాదాపు నాలుగు నెలలు ఏడుపు, ఉపవాసం, ప్రార్థన. సరే, అది మనందరం చెప్పుకునే భాగమే. తర్వాత రాజు "ఎన్నాళ్లు పడుతుంది" అని అడిగితే ఆయన "దేవుడు చూసుకుంటాడు" అనలేదు, గడువు చెప్పాడు. అధికారులకు ఉత్తరాలు అడిగాడు, గుమ్మాల దూలాలకు మాను కావాలని అడవి కాపరి ఆసాపు పేరుతో సహా చెప్పాడు. అంటే ఆ నాలుగు నెలల్లో మోకాళ్ల మీద ఉన్న మనిషి బుర్రలో కలప లెక్క కూడా నడుస్తోంది! అక్కడికి వెళ్లాక కూడా రాత్రిపూట ఒక చుట్టు తిరిగి ఎక్కడెక్కడ పడిపోయిందో చూసుకున్నాకే జనంతో మాట్లాడాడు. గోడ 52 రోజుల్లో అయిపోయింది. మన దగ్గర కనిపెట్టడం అనే మాటకు ఖాళీగా కూర్చోవడం అనే అర్థం ఎప్పుడు వచ్చి చేరిందో గానీ, అది నెహెమ్యా దగ్గరనుంచి మాత్రం రాలేదు.

మీ బైబిల్ లక్ష్యం గురించి ఒక మాట. మొత్తం 1189 అధ్యాయాలు, రోజుకు మూడు నాలుగు. పదకొండు రోజులు తప్పితే 36 అధ్యాయాల బాకీ, అది లేవీయకాండంలో పడిందంటే ఇక తేరుకోవడం కష్టమే. బాకీ తీర్చొద్దు, ఆగినచోటునుంచే మొదలుపెట్టండి. రెండేళ్లు పడితే పడనివ్వండి, ఏడాదిలో ముగించమని ఏ వచనంలోనూ లేదు.

జవాబు 3

ఫెయిలైతే ఏంటన్నదానికి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నా సంగతి చెప్తాను, కొంచెం సిగ్గుగానే ఉంది. ఒక పరీక్ష మూడుసార్లు తప్పాను. మూడోసారి రిజల్ట్ చూసిన పది నిమిషాల్లో "దేవుని చిత్తం కాదు" అని ఇంట్లో ప్రకటించేశాను. మా అక్క ఒకటే అడిగింది, రోజుకు ఎంతసేపు చదివావురా అని. కూర్చుని లెక్కేస్తే ఫోన్ తీసే టైం పోను నలభై నిమిషాలు. దాన్ని దేవుడి మీద తోసేశానన్నమాట.

అయితే దీనికి రెండోవైపు కూడా ఉంది. మందిరం కట్టాలన్న దావీదు కోరిక మంచిదేనని దేవుడే అన్నాడు, అయినా నువ్వు కాదు నీ కొడుకు కడతాడన్నాడు. దావీదు అలిగి కూర్చోలేదు, తలుపుల మేకులకు ఇనుముతో సహా కూడబెట్టి ఇచ్చాడు. పౌలు స్పెయిన్ వెళ్తానని రోమా పత్రికలో రాశాడు, బితూనియ వెళ్లబోతే దేవుని ఆత్మ వెళ్లనివ్వలేదు, మాసిదోనియకు తిరగాల్సి వచ్చింది. కాకపోతే గమనించండి, ఆయన అప్పటికే దారిలో ఉన్నాడు, ఇంట్లో కూర్చున్నవాడికి అడ్డుపడాల్సిన పనేముంది? అందుకే ముందు నలభై నిమిషాల సంగతి తేల్చుకుని, చిత్తం సంగతి తర్వాత మాట్లాడుకుందాం అంటాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ థ్యాంక్స్. అక్కగారి ప్రశ్న నాకే తగిలింది, అకౌంట్స్ పుస్తకం ఎక్కడుందో వెతకడానికే అరగంట పట్టింది. ఈసారి ఆ మూడింటిలో పరీక్ష ఒక్కటే ఉంచాను, పక్కన తేదీ వేశాను, పైన చిన్నగా "ప్రభువు చిత్తమైతే" అని రాశాను. అప్పు సంగతి మాత్రం అసలు మొత్తం ఎంతో ఇప్పటిదాకా ఒకచోట కూడి చూడలేదు, చూడాలంటేనే టెన్షన్. ఈ రాత్రి ప్రార్థన చేసుకుని ఆ కాగితాలన్నీ బయటికి తీస్తాను.