నిఘంటువుతో బుకాయింపు: ఆటకు ఏ మాటలు పనికొస్తాయి?

నిఘంటువు ఆట తెలుగులో కుదరదని, ఇంగ్లిషులో అయితేనే రక్తి కడుతుందని నిన్నటి చర్చలో ఒకరన్నారు. ఆయన చెప్పిన కారణం కొట్టిపారేసేదేం కాదు. మన పాత మాటల్లో చాలావరకు సంస్కృతమే, సమాసం విడగొడితే అర్థం దానంతటదే బయటపడుతుంది, ఇక బుకాయించడానికి ఏం మిగులుతుంది అని. కానీ కొన్నాళ్లుగా స్నేహితులం కలిసినప్పుడల్లా ఇదే ఆడుతున్నాం, బ్రహ్మాండంగా కుదురుతోంది. కిటుకంతా మాట ఎంచుకోవడంలో ఉంది.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒకరు నిఘంటువు తిరగేసి ఎవరికీ తెలియని మాట ఒకటి చెప్తారు. అసలు అర్థం తన చీటీ మీద రాసుకుంటారు. మిగతావాళ్లు తలా ఒక దొంగ అర్థం రాసిస్తారు. అన్నీ కలిపి చదివాక ఏది అసలుదో ఓటెయ్యాలి. సరిగ్గా పట్టుకుంటే రెండు మార్కులు. మన దొంగ అర్థానికి ఎవరైనా పడిపోతే ఓటుకొకటి. ఒక్కరూ పట్టుకోలేకపోతే మాట తెచ్చినవారికి మూడు. ఇంగ్లిషువాళ్లు ఇళ్లలో కాగితాలతో ఆడుకునే ఈ ఆటనే 1984లో కెనడాలో ‘బాల్డర్‌డాష్’ పేరుతో పెట్టెలో పెట్టి అమ్మారు. మనకు ఆ పెట్టె అక్కర్లేదు. 1885లో అచ్చయిన బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరం ఒక్కటి చాలు, జన్మంతా ఆడుకోవచ్చు.

ఇక సంస్కృతం సంగతి. అమరకోశం, అంటే సంస్కృత పర్యాయపదాల పద్య నిఘంటువు, నోటికొచ్చిన పెద్దాయన ఒక్కరు గదిలో ఉంటే చాలు, ‘లులాయం’ అనేలోపే ‘దున్నపోతు’ అనేస్తారు. అందుకే మేం తత్సమాలు, అంటే సంస్కృతం నుంచి వచ్చిన మాటలు, మానేశాం. నిఘంటువులో మాట పక్కన ‘దే.’ అని ఉంటుంది చూడండి, దేశ్యం, అంటే అచ్చంగా మన మాట అని, వాటిలోంచే తీసుకోవాలి. దేశ్యంలోనూ జంటమాటలు అంతగా పనికిరావు. ‘వలిమల’ ఇచ్చామనుకోండి, మల అంటే కొండ అని సగం మందికి తెలుసు, వలి అంటే చలి అని ఎవరో ఒకరికి తడుతుంది, హిమాలయం బయటపడిపోతుంది. ‘తమ్మిచూలి’ అంటే తామరలో పుట్టినవాడు బ్రహ్మ అని పద్యాలు చదివినవాళ్లు చిటికెలో చెప్తారు. రెండు మూడు అక్షరాల మాట, అందులోనూ ఇంకో మాటలా వినిపించేది దొరికితే పండగే. ‘చదలు’ ఇవ్వండి. ఎంత వద్దనుకున్నా చెదపురుగులే కళ్లముందు కదులుతాయి. చదలంటే ఆకాశం. చదలేరు అంటే ఆకాశగంగ.

మొన్న వచ్చిన మాట ‘కికురించు’. చదవడం నా వంతు. చీటీల్లో ఇవీ అర్థాలు: పక్షి సన్నగా కూయు. చలికి పళ్లు కొట్టుకొను. వంచించు. చంకలో వేలుపెట్టి నవ్వించు. కోడిపెట్ట గుడ్డు పెట్టుటకై చోటు వెదకు.

‘కి కి’ అన్న శబ్దం చెవిలో పడగానే పిట్టా, పళ్లూ, కితకితలూ రావడం సహజమే. కానీ ఓట్లన్నీ కోడిపెట్టకే పడ్డాయి. ఇంత విడ్డూరమైన అర్థం ఎవరు కల్పిస్తారు, నిజం కాబట్టే ఇలా ఉంది అనుకున్నారంతా. అది రాసింది మా స్నేహితుడి భార్య. పుట్టింట్లో కోళ్ల మధ్య పెరిగిన మనిషి, గంప కోసం గదిగదీ తిరిగే పెట్టను బాగా ఎరిగినామె. ‘వంచించు’ దగ్గర ఎవరూ ఆగనైనా ఆగలేదు. తీరా అసలు అర్థం అదే. తెలుగు మాస్టారుగా రిటైరైన పెద్దాయనకు ఉక్రోషం వచ్చింది.

“ఏమ్మా, పెట్ట గుడ్డుకి తిరిగితే కికురించడమా?”

“కికురించింది నేనే కదండీ మాస్టారూ! మీ ఓటు నాకే పడిందిగా.”

ఆ మాట ఇక మా ఎవరికీ జన్మలో మరుపు రాదు.

దొంగ అర్థం రాయడంలోనూ ఒక పనితనం ఉంది. కొత్తగా చేరినవాళ్లు ‘మోసం చేయడం’ అని రాస్తారు. వెంటనే దొరికిపోతారు. పాత నిఘంటువు అలా మాట్లాడదు. ‘వంచించు’, ‘మోసపుచ్చు’ అంటుంది. ఒక్క ‘యందు’, ఒక్క ‘గల’ పడితే దొంగ అర్థానికి దర్జా వస్తుంది. ‘కొలనులయందు దొరకు’ అని మొదలెట్టండి, తర్వాత ఏం రాసినా నమ్ముతారు. ఇంజనీరింగ్ చదివే మా స్నేహితుడి కొడుకు బళ్లో గ్రాంథికం అంటే ఆమడ దూరం పరిగెత్తేవాడట. ఇప్పుడు ఈ ఆటలో గెలవడానికి ‘ఒకానొక’ అనకుండా వాక్యం మొదలెట్టడు. వాడుకభాష కోసం గిడుగు వారు అంత పోరాడితే మేం ఆదివారం పూట గ్రాంథికం సాధన చేస్తున్నాం, ఏం చెప్పమంటారు!

అన్నిటికంటే పెద్ద ఆయుధం ‘విశేషము’. పాత తెలుగు నిఘంటువులతో పరిచయం ఉన్నవాళ్లకు ఇది తెలిసిన బాధే. ఎంతో ఆశగా మాట వెతికితే ‘పక్షివిశేషము’ అని ఉంటుంది, అంటే ఒక రకం పక్షి అని. ఏ పక్షి? ఏ రంగు? చెప్పరు. ‘వృక్షవిశేషము’, ‘మత్స్యవిశేషము’, ‘భూషణవిశేషము’, అంతే, అక్కడితో సరి. పాత కావ్యాల్లో పిల్లల ఆటల పేర్లు బోలెడు కనిపిస్తాయి. దాగిలిమూతలు, గుడిగుడికుంచం లాంటివి ఇంకా బతికున్నాయి గనక సరిపోయింది. మిగతావాటికి నిఘంటువు పెట్టిన అర్థం ‘క్రీడావిశేషము’. ఆ పిల్లలు ఏం ఆడారో ఎలా ఆడారో ఇక తెలిసే దారి లేదు. నాకైతే ఇది ఆటలో నవ్వులాటే గానీ, ఆట అయ్యాక కాస్త కోపమే వస్తుంది. ఆట విషయానికొస్తే, బద్ధకంగా ఉన్నవాళ్లు ప్రతి మాటకూ ‘పక్షివిశేషము’ అని రాసేసి ఓట్లు దండుకుంటున్నారు. అందుకని ఒకరు ఒక సాయంత్రం ఒక్క విశేషమే వాడాలని మేం రూలు పెట్టుకున్నాం. మీరూ పెట్టుకోండి, లేకపోతే ఆట పక్షుల సంతలా తయారవుతుంది.

తగువులు కూడా వస్తాయి. ఒకసారి ‘అలుగు’ వచ్చింది. చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయేది అందరికీ తెలుసు, అలగడమూ తెలుసు, కాబట్టి ఇది పనికిరాదని కొందరు. ఒళ్లంతా పొలుసులుండి, చీమల్నీ చెదల్నీ తినే జంతువును కూడా అలుగే అంటారు, బాణం మొననూ అలుగంటారు. మాట తెచ్చినాయన జంతువు అర్థం రాసుకుంటే ఇంకొకాయన చీటీలో బాణం మొన వచ్చింది. అది ఊహతో వచ్చిందో, తెలిసి వచ్చిందో తేలలేదు. నిఘంటువులో ఉన్న ఏ అర్థమైనా అసలు అర్థమే అని చివరికి ఒప్పుకున్నాం. నానార్థాలున్న మాట తెచ్చేవాళ్లు ముందే అన్నీ చూసుకోవడం మంచిది.

ఇంకో చిక్కు ప్రాంతం. గుంటూరు వైపు స్నేహితుడు కావ్యాల్లోంచి ఏరి తెచ్చానంటూ ‘మొగులు’ తీశాడు. అక్కడే ఉన్న కరీంనగర్ అక్కయ్య పగలబడి నవ్వింది. “మొగులైందంటే బట్టలు లోపల్కి తెచ్చుకుంటం, గిదేం పద్యం తమ్మీ?” మొగులంటే మబ్బు. ఆయనకు నిఘంటువులో దాక్కున్న మాట, ఆమెకు డాబా మీద ఆరేసిన బట్టల మాట. ‘గూడ’ కూడా ఇంతే. ఇద్దరు మనుషులు చెరో పక్క తాళ్లు పట్టుకుని, గూడ అనే బుట్టతో కాలవలోంచి చేలోకి నీళ్లు తోడటం చూసినవాళ్లకు అది పరీక్షే కాదు. అందుకే నాలుగు జిల్లాలవాళ్లు కూర్చున్నచోట ఎవరికైనా తెలిసిన మాట వస్తే వాళ్లు చెయ్యెత్తి ఆ రౌండు పక్కకు తప్పుకోవాలి. తర్వాత ఆ మాట వాళ్ల ఊళ్లో ఎలా వాడతారో చెప్పాలి. నన్నడిగితే ఆట కంటే అదే బాగుంటుంది.

విదేశాల్లో తెలుగు చదవలేని పిల్లలున్న ఇళ్లకు బ్రౌను నిఘంటువు సరిగ్గా సరిపోతుంది. 1852 నాటి ఆ తెలుగు–ఇంగ్లిషు నిఘంటువులో వివరణ ఇంగ్లిషులో ఉంటుంది గనక దొంగ అర్థాలూ ఇంగ్లిషులోనే రాసుకోవచ్చు. మాటను మాత్రం పెద్దవాళ్లు గట్టిగా, స్పష్టంగా పలకాలి.

తప్పు అర్థాలు మనసులో నాటుకుపోతాయని, భాషకు ఇది చేటని ఆ చర్చలోనే ఇంకొకరు రాశారు. ఆ భయంలో నిజం లేకపోలేదు. నిఘంటువులే ఆ పని చేసిన సందర్భాలున్నాయి. 1934 వెబ్‌స్టర్ నిఘంటువులో ‘డోర్డ్’ అనే మాటకు సాంద్రత అని అర్థం వేశారు. అలాంటి మాటే లేదు. డెన్సిటీకి పొట్టిరూపంగా ‘D or d’ అని, అంటే పెద్ద డి గానీ చిన్న డి గానీ అని రాసిన చీటీని ఒకే మాటగా చదివేశారు. 1939లో గానీ ఎవరూ గమనించలేదు. ఎంత పెద్ద సంపాదకులకైనా చీటీలతో వచ్చే తిప్పలు తప్పవన్నమాట. మా మట్టుకు మేం రౌండు అవగానే సూర్యరాయాంధ్ర నిఘంటువు తీసి, ఆ మాట దగ్గర ఇచ్చిన కవిప్రయోగం పైకి చదువుతాం. పద్యపాదంలో ఒకసారి విన్న మాటకు దొంగ అర్థం అంటుకోదు. ప్రయోగం దొరకని మాటైతే తెచ్చినవారు దానితో సొంతంగా ఒక వాక్యం చెప్పాలి. వాక్యం కుదరకపోతే ఒక మార్కు కోత.

ఒక చిన్న జాగ్రత్త. చీటీలు చదివేవాళ్లు ముందు అన్నీ ఒకసారి మనసులో చదువుకోవాలి. ఎవరి కోడిగీతల దగ్గరో తడబడితే అది దొంగదని అందరికీ తెలిసిపోతుంది. ఇంకా మంచిది, అసలు అర్థంతో సహా అన్నీ తన చేతిరాతతో తిరగరాసుకోవడం. చదివేటప్పుడు నవ్వు ఆపుకోవడం మాత్రం సాధన మీద రావాల్సిందే.

ఈ ఆదివారం ఆడదలచినవాళ్లకు మూడు మాటలిస్తున్నాను. ఉంకువ. టెక్కెము. గొజ్జంగి. మూడూ శబ్దరత్నాకరంలో ఉంటాయి, మూడిట్లో ఒకటి మాత్రం ‘విశేషమే’. తెలిసినవాళ్లు దయచేసి ఇక్కడ అర్థాలు రాయకండి, దొంగ అర్థాలైతే ఎన్నైనా రాయండి.