లాంగ్ రైడ్‌లో గంటన్నర దాటితే నుదురు నొప్పి: సైజు పెంచాలా, హెల్మెట్టే మార్చాలా?

సూరి_మియాపూర్:

అందరికీ నమస్కారం. ఫుల్ ఫేస్ హెల్మెట్, సైజు ఎల్, లోపల 600 మి.మీ. అని ఉంది. బరువు 1500 గ్రాములు. టేపుతో కొలిస్తే నా తల చుట్టుకొలత 59.5 సెం.మీ. వచ్చింది, అంటే చార్టు ప్రకారం సైజు సరైనదే. సిటీలో ఏ ఇబ్బందీ లేదు. హైవే మీద గంటన్నర దాటగానే నుదుటి మధ్యలో నొక్కుతున్నట్టు మొదలై, కాసేపటికి ఇక తీసేయాలనిపిస్తుంది. తీసి చూస్తే నుదుటి మీద అడ్డంగా ఎర్రటి గీత. చెంపల దగ్గర బిగుతుగా ఉన్నా నొప్పి లేదు. కళ్ళద్దాలు వాడతాను.

షాపతను ఎక్సెల్ తీసుకోమంటున్నాడు. అది పెట్టుకుంటే నుదురు హాయిగానే ఉంది గానీ, స్పీడు 90 దాటితే ఊగుతోంది. హైదరాబాద్ నుంచి విశాఖ, అక్కణ్ణించి అరకు వెళ్ళాలి. వెళ్ళేటప్పుడే 600 కిలోమీటర్ల పైన కూర్చోవాలి కాబట్టి ఈలోగా తేల్చుకోవాలి. ఏం చేయమంటారు?

నల్లమల_రోడ్డు:

సూరి గారూ, మీరు రాసిన లక్షణాలను బట్టి సైజు సరిపోయింది, ఆకారం కుదరలేదు. చుట్టుకొలత ఒక్కటే చూస్తే ఇది దొరకదు. అదే 59.5 సెం.మీ. ఒకరికి పొడవు 21.5, వెడల్పు 16గా ఉండొచ్చు, ఇంకొకరికి పొడవు 20, వెడల్పు 18 దగ్గర ఉండొచ్చు. చార్టులో ఇద్దరూ ఎల్‌లోనే పడతారు, కానీ ఒకే హెల్మెట్ ఇద్దరికీ కుదరదు.

ముందు ఇంట్లో ఇది కొలవండి. తల వెనక భాగం గోడకి ఆనించి నిటారుగా నిలబడండి. గడ్డం పైకెత్తొద్దు. ఇంకొకరు ఒక మందపాటి పుస్తకాన్ని కనుబొమలకి రెండున్నర సెంటీమీటర్ల పైన నుదుటికి ఆనించి, గోడకి సమాంతరంగా పట్టుకోవాలి. గోడ నుంచి పుస్తకం దాకా ఉన్న దూరమే తల పొడవు. తర్వాత చెవుల పైన రెండు పక్కలా రెండు పుస్తకాలు ఆనించి మధ్య దూరం కొలిస్తే వెడల్పు. వెడల్పుని పొడవుతో భాగించండి. 0.75 అటూఇటూ వస్తే కోల తల. 0.85 దాటితే గుండ్రటి తల. ఆ మధ్యలో ఉంటే బజారులో ఎక్కువ హెల్మెట్లు సరిపోతాయి.

నొప్పి ఎక్కడ పుడుతుందో అదే ఆకారాన్ని చెప్పేస్తుంది. నుదుటి మధ్యలోనో తల వెనకో నొక్కి, కణతల పక్కన వేలు సులువుగా దూరుతుంటే, హెల్మెట్ మీ తలకన్నా గుండ్రంగా ఉన్నట్టు. కణతల మీద, చెవుల పైన నొక్కి, నుదుటి ముందు ఖాళీ ఉంటే దానికి తిరగేసి.

వాడగా వాడగా వదులవుతుందని చాలామంది ఎదురుచూస్తారు. చెంపల విషయంలో అది నిజం. చీక్ ప్యాడ్ స్పాంజి మందంగా ఉంటుంది, 15-20 గంటల వాడకంలో కొంత దిగుతుంది. కొత్తలో చెంపలు చిప్‌మంక్‌లా ఉబ్బి కనిపించినా కంగారు పడక్కర్లేదు. నుదుటి దగ్గర అలా కాదు. అక్కడ గుడ్డ వెనక స్పాంజి పల్చటి పొరే, దాని వెనక గట్టి థర్మోకోల్. కాబట్టి ఆ చోట మొదటి రోజు ఉన్న నొక్కుడు ఆరు నెలల తర్వాత కూడా దాదాపు అంతే ఉంటుంది.

బెజవాడ_రైడర్:

ఎక్సెల్ తీసుకుని, 5 మి.మీ. ఎక్కువ మందం ఉన్న చీక్ ప్యాడ్లు వేయిస్తే సరిపోదా అన్నా? ఊగడం ఆగుతుంది కదా. ఇంకో మాట. ఎల్‌లోనే నుదుటి దగ్గర థర్మోకోల్‌ని చెంచా వెనక వైపుతో కొంచెం కొంచెం నొక్కి చోటు చేసుకోమని వీడియోల్లో చూపిస్తున్నారు. అది పని చేస్తుందా?

నల్లమల_రోడ్డు:

చెంచా పని మాత్రం ఎవరూ చేయొద్దు. దెబ్బ తగిలినప్పుడు థర్మోకోల్ నలిగి, ఆ నలగడంలోనే దెబ్బ వేగాన్ని మింగుతుంది. ఒకసారి నలిగితే మళ్ళీ ఉబ్బదు. చెంచాతో 3 మి.మీ. నొక్కితే, నుదురు నేలకి తగిలే రోజు ఆ 3 మి.మీ. లేనట్టే. పైగా నొక్కిన చోట గింజలు విడిపోయి చీలిక వచ్చినా, పైన గుడ్డ ఉంటుంది కాబట్టి మీకు కనిపించదు. ఏ హెల్మెట్‌కైనా గీకడం, కోయడం, వేడి తగిలించడం, లోపల ఫెవిక్విక్ లాంటి జిగుర్లు పూయడం, ఇవన్నీ ఒకటే.

ఇక ఎక్సెల్ సంగతి. తలని పట్టి ఉంచాల్సింది మాడు చుట్టూ ఉన్న లైనర్, అంటే లోపలి గుడ్డ-స్పాంజి పొర. చీక్ ప్యాడ్లు తోడు మాత్రమే. పైన వదులుగా ఉండి కింద చెంపలు మాత్రం బిగిస్తే, గడ్డం కిందనుంచి దూరిన గాలి హెల్మెట్‌ని పైకి లేపుతుంది, ఆ కుదుపంతా దవడ మీద పడుతుంది. మాట్లాడితే చెంప లోపలి భాగం పళ్ళ కింద పడుతుంటే ప్యాడ్లు మరీ మందమని అర్థం.

ఒక్క సందర్భంలో మాత్రం ఎక్సెల్ న్యాయం. తల బాగా కోలగా ఉండి, ఎక్సెల్‌లో ముందూ వెనకా సరిగ్గా పట్టి, పక్కల మాత్రమే ఖాళీ ఉంటే, ఆ ఖాళీని కంపెనీ ఇచ్చే పక్క ప్యాడ్లతో పూడ్చుకోవచ్చు. షోయీ, అరాయ్ లాంటి జపాన్ హెల్మెట్ కంపెనీలవాళ్ళు వేర్వేరు మందాల్లో ప్యాడ్లు విడిగా అమ్ముతారు. అరాయ్ లైనర్లు కొన్నింటిలో 5 మి.మీ. పొరని ఒలిచి తీసేసే వీలు కూడా ఉంటుంది. సొంతంగా పెట్టాలంటే మెత్తటి స్పాంజి పట్టీ, 3 మి.మీ. దాటకుండా, లైనర్‌కీ థర్మోకోల్‌కీ మధ్య, కణతల వెనకే పెట్టాలి. రబ్బరు, అట్టముక్క, గుడ్డ మడత లాంటివి పెట్టకండి, అవి ఒకే చోట నొక్కి కొత్త నొప్పి తెస్తాయి.

సూరి_మియాపూర్:

కొలిచాను. పొడవు 21.4, వెడల్పు 16.2. భాగిస్తే 0.76 దగ్గర వచ్చింది. ఎల్ పెట్టుకుని చూస్తే మీరన్నట్టే కణతల పక్క వేలు దూరుతోంది, నుదుటి దగ్గర గోరు కూడా పట్టట్లేదు. కోల తలకి కుదిరే హెల్మెట్లు మన దగ్గర దొరుకుతాయా? కళ్ళద్దాల వల్ల కూడా కొంత నొప్పి ఉందేమోనని ఒక అనుమానం.

తూర్పుకనుమ:

దొరుకుతాయి గానీ పెట్టె మీద తల ఆకారం రాసే కంపెనీలు తక్కువ. అరాయ్‌లో సిగ్నెట్ వరుస కోల తలల కోసమే చేసినది, ధర మాత్రం చాలా ఎక్కువ. మిగతావాటిలో పెట్టుకుని చూడడం తప్ప దారి లేదు. "ఏషియన్ ఫిట్" అని ఉంటే మనకేనేమో అనుకుని ఆర్డర్ పెట్టేస్తుంటారు. అది జపాన్, కొరియా వైపు తలలని చూసి కొంచెం గుండ్రంగా చేసే ఆకారం. సూరి గారి తలకి అది ఇంకా నొక్కుతుంది.

షాపులో రెండు నిమిషాలు పెట్టుకుని అద్దంలో చూసుకుంటే ఏమీ తెలియదు. స్ట్రాప్ బిగించి కనీసం అరగంట ఉంచుకోవాలి. షాపతనికి ముందే చెబితే చాలామంది ఒప్పుకుంటారు. ఆ అరగంట తర్వాత తీసి నుదురు చూసుకోండి. ముఖమంతా ఒకేలా కొద్దిగా ఎర్రబడితే మంచిది. రూపాయి బిళ్ళంత చోట మాత్రం ముదురు ఎరుపు ఉంటే ఆ హెల్మెట్ వదిలేయండి, ఎంత ముచ్చటగా ఉన్నా సరే.

పట్టు చూసే పద్ధతి: స్ట్రాప్ బిగించి, గడ్డం దగ్గర పట్టుకుని హెల్మెట్‌ని పక్కకి తిప్పండి. నుదుటి చర్మం, చెంపలు దాంతో పాటు కదలాలి. చర్మం నిలబడి హెల్మెట్ ఒక్కటే జారితే వదులు. తర్వాత తల వంచి, ఇంకొకరిని వెనక అంచు కింద చేతులు పెట్టి పైకి, ముందుకి తోయమనండి. ముఖం మీదుగా ఊడొచ్చేస్తే స్ట్రాప్ ఎంత బిగించినా ఉపయోగం లేదు. స్ట్రాప్‌కీ గడ్డానికీ మధ్య ఒకటి, మహా అయితే రెండు వేళ్ళ సందు చాలు.

హైవే మీద 90 దగ్గర ఊగడానికి వదులు ఒక్కటే కారణం కాకపోవచ్చు. పొట్టి విండ్‌షీల్డ్ ఉన్న బైకుల్లో దాని పై అంచు దగ్గర గాలి చిట్లి సరిగ్గా హెల్మెట్‌ని కొడుతుంది. పరీక్ష సులువు: ఖాళీ రోడ్డు మీద, అదే స్పీడులో, కాళ్ళు పెట్టుకునే రెండు ఫుట్ పెగ్గుల మీద కొంచెం లేచి చూడండి. తల గాలి పైకి వెళ్ళగానే ఊపు ఆగిపోతే తప్పు విండ్‌షీల్డ్‌ది. నెత్తిన టోపీ చూరులా పొడుచుకొచ్చిన పీక్ ఉన్న హెల్మెట్లు కూడా 100 దగ్గర మెడ లాగేస్తాయి. మట్టి దారులకి అవి బాగుంటాయి, ఎన్‌హెచ్ 65 మీద వాటితో పని లేదు.

వాన_చినుకు:

కళ్ళద్దాల అనుమానం సబబే. గట్టి హెల్మెట్‌లో అద్దాల కాడలు కణతల ఎముకకీ ప్యాడ్‌కీ మధ్య నలుగుతాయి, గంట తర్వాత ఆ నొప్పి నుదుటి దాకా పాకుతుంది. తేల్చుకోవడానికి ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని ఒకరోజు అద్దాలతో 40 నిమిషాలు, ఇంకోరోజు అద్దాలు లేకుండా 40 నిమిషాలు హెల్మెట్ పెట్టుకుని చూడండి. కాడలు సన్నగా, తిన్నగా, చెవి వెనక వంపు తక్కువగా ఉండే ఫ్రేము రైడింగ్‌కి మంచిది. హెల్మెట్ ముందు, అద్దాలు తర్వాత. తీసేటప్పుడు అద్దాలు ముందు. కొన్ని హెల్మెట్లలో ప్యాడ్ లోపల కాడ కోసం గాడి ఉంటుంది, కొనేటప్పుడు వేలితో తడిమి చూడండి.

ఇంటర్‌కామ్ ఉంటే స్పీకర్లు కూడా చూసుకోవాలి. చెవి గుంటలో వెల్క్రోతో అంటించిన స్పీకర్ చెవి తమ్మెకి తగిలితే రెండో గంటకి భరించలేం. గుంట అడుగుదాకా తోసి, చెవి రంధ్రానికి ఎదురుగా పెట్టాలి. హెల్మెట్ వేసుకునేటప్పుడు రెండు స్ట్రాపులూ పట్టుకుని బయటికి లాగి మరీ తొడగండి, చెవులు మడతపడవు.

జుట్టు సంగతి ఎవరూ చెప్పలేదు. జడ వేసుకునేవాళ్ళు మెడ దగ్గర కిందికి, పల్చగా వేసుకోవాలి. వెనక ముడి పెడితే హెల్మెట్ ముందుకి వాలి నుదుటి మీద నొక్కుతుంది, పైకి చూపు కూడా తగ్గుతుంది. తిరుమలలో తలనీలాలు ఇచ్చి వచ్చినవాళ్ళకి, అదే హెల్మెట్ వదులవుతుంది. కొలత ఎప్పుడైనా మామూలుగా ఉంచుకునే జుట్టుతోనే తీసుకోండి. లోపల పల్చటి కాటన్ క్యాపు వాడేవాళ్ళు అది పెట్టుకునే కొలవాలి. కొబ్బరినూనె రాసుకుని హెల్మెట్ పెట్టొద్దు, స్పాంజి జిడ్డు పట్టి గట్టిపడుతుంది. లైనర్ టిచ్ బటన్లు ఊడదీసి, పిల్లల షాంపూ కలిపిన చల్లటి నీళ్ళలో పిసికి, పిండకుండా నీడన ఆరబెట్టాలి. షెల్‌ని తడిగుడ్డతో తుడిస్తే చాలు. పెట్రోలు, థిన్నరు ప్లాస్టిక్ షెల్‌ని పెళుసు చేస్తాయి.

బెజవాడ_రైడర్:

ఎండాకాలం తలనొప్పి అంతా హెల్మెట్ మీదే వేసేస్తుంటారు మావైపు. తేడా ఎలా కనిపెట్టాలి?

వాన_చినుకు:

హెల్మెట్ నొక్కుడైతే నొప్పి ఒక్క చోట ఉంటుంది, తీసిన పది నిమిషాల్లో చాలావరకు తగ్గుతుంది. నీళ్ళు చాలకపోతే తలంతా బరువెక్కి, హెల్మెట్ తీసినా వదలదు, నోరు ఎండుతుంది, మూత్రం ముదురు పసుపు. మూడోది శబ్దం. 100 దగ్గర హెల్మెట్ లోపల గాలి హోరు 90 డెసిబెల్స్ దాటుతుంది, పూటంతా అందులో ఉంటే అలసట, తలదిమ్ము ఖాయం. మెడికల్ షాపులో దొరికే స్పాంజి ఇయర్ ప్లగ్గుల్ని సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపల పెట్టి అర నిమిషం వేలితో ఆపి ఉంచండి. లారీ హారన్లు వినిపిస్తూనే ఉంటాయి, హోరు మాత్రం తగ్గుతుంది.

సూరి_మియాపూర్:

ఎక్సెల్ ఆలోచన మానేశాను. వేరే ఆకారంలో ఎల్ వెతుకుతాను. కొనేముందు ఇంకేం చూడాలి?

తూర్పుకనుమ:

వెనక ఐఎస్ఐ గుర్తు, దాని పైన ఐఎస్ 4151 (హెల్మెట్ల ప్రమాణం నంబరు), కింద సీఎం/ఎల్ తో మొదలయ్యే నంబరు ఉండాలి. 2021 జూన్ 1 నుంచి ఇది లేనిది అమ్మడానికి వీల్లేదు. ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో, నడుస్తోందో లేదో చూపిస్తుంది. షాపులోనే కొట్టి చూడండి. యూరప్ ప్రమాణం ఈసీఈ 22.06 కూడా ఉంటే ఇంకా మంచిది, అందులో పక్కవాటుగా తగిలి తల తిరిగే దెబ్బకి కూడా పరీక్ష ఉంది. ఆ చీటీ గడ్డం స్ట్రాప్‌కి కుట్టి ఉంటుంది.

లోపల తయారీ నెల, సంవత్సరం చూడండి. డిస్కౌంట్‌లో పెట్టినవి ఒక్కోసారి మూడేళ్ళ పాతవి ఉంటాయి. వేళ్ళతో లైనర్ కొంచెం పైకెత్తి, పైన గాలి రంధ్రాలకి ఎదురుగా థర్మోకోల్‌లో కూడా గాడి ఉందో లేదో చూడండి. బయట రంధ్రం ఉండి లోపల మూసి ఉంటే అది అలంకారమే. అరకు ఘాట్‌లో మంచు, చినుకు రెండూ ఉంటాయి కాబట్టి వైజర్‌కి పిన్‌లాక్ (ఆవిరి పట్టకుండా లోపల బిగించే అదనపు పొర) పెట్టే రెండు పిన్నులు ఉన్నవే తీసుకోండి. నల్ల వైజర్ ఒక్కటే ఉంటే చీకటి పడ్డాక కష్టం, తెల్లది కూడా అడిగి తీసుకోండి.

బకిల్ టిక్ టిక్‌మని బిగిసేదైనా, రెండు రింగుల్లోంచి స్ట్రాప్ దూర్చి బిగించే డబుల్ డీ రింగ్ అయినా రెండూ భద్రమే. డీ రింగ్ ప్రతిసారీ కొత్తగా బిగించాలి కాబట్టి దానికదే కచ్చితంగా కుదురుతుంది. టిక్ టిక్ బకిల్ అయితే స్ట్రాప్ పొడవు ఒకసారి సరిచేసుకుని వదిలేయకుండా నెలకోసారి చూసుకోవాలి, మెల్లగా జారుతుంది.

బిల్లు మీద సైజు రాయించుకోండి. వారంలోపు, స్టిక్కర్లు తీయకుండా ఉంటే సైజు మార్చి ఇస్తారా అని ముందే అడగండి. ఆ వారంలో ఇంట్లో రోజూ గంట పెట్టుకుని, ఒక రోజు పొద్దున్నే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సర్వీసు రోడ్డు మీద ఓ చుట్టు వేసి రండి. ఔటర్ మీదికి టూ వీలర్లని రానివ్వరు. నుదుటి గీత కనిపిస్తే ఆ రోజే షాపుకి తీసుకెళ్ళండి.