అరిచే మేస్త్రీ, అడిగే మేస్త్రీ: ఎవరి దారి పట్టాలి?

నమస్కారం. హైదరాబాద్ కోకాపేటలో ఒక బహుళ అంతస్తుల భవనం పనిలో సైట్ ఇంజినీరుగా చేరి ఎనిమిది నెలలైంది. నా కింద రెండు బృందాలున్నాయి. పాలమూరు వాళ్లు కొందరు, ఒడిశా, బీహార్ వాళ్లు కొందరు.

మొదటి మేస్త్రీ నోరు పెద్దది. స్లాబు వేసే రోజు అతనే కావాలి. రెడీమిక్స్ లారీ గేటు దగ్గరికి వచ్చాక కాంక్రీటు మన చర్చల కోసం ఆగదు కదా! కానీ పోయిన నెల బీము కింద కవర్ బ్లాకులు (కడ్డీలు అడుగున ఉన్న చెక్కకు ఆనకుండా ఎత్తిపట్టే చిన్న దిమ్మలు) పెట్టకుండానే కడ్డీలు పరిచేశారు. ఒక కుర్రవాడు చూసి కూడా, తిట్లు పడతాయని నోరు మెదపలేదు. కాంక్రీటు పోయడానికి పది నిమిషాల ముందు నా కంటపడింది కాబట్టి సరిపోయింది.

రెండో ఆయన పొద్దున్నే టీ తాగుతూ అందరినీ అడిగి పని పంచుతాడు. తప్పులు తక్కువ, పని మాత్రం నత్తనడక.

1939లో మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్, ఆయన సహచరులు ప్రచురించిన అధ్యయనం గురించి చదివాను. పిల్లల బృందాలకు రకరకాల నాయకులను పెట్టి చూశారు. పెత్తనం చేసే నాయకుడు గది దాటగానే పిల్లలు పని వదిలేసేవారట. మా సైటులో గడ్డాలు మీసాలున్నవాళ్లదీ అదే తీరు.

స్లాబు రోజు ఒకలా, మిగతా రోజుల్లో ఇంకోలా ఉంటే నన్ను నిలకడ లేనివాడిననుకుంటారా? నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడైన మేస్త్రీకి నలుగురిలో పరువు పోకుండా ఎలా చెప్పాలి? నా హిందీ కూడా అంతంతమాత్రమే. సైటులో ఎండకు ఎండినవారు చెబితే వింటాను.