యాన్ స్టేన్ కాపురం: ఒక డచ్చి జాతీయం గురించి

ప్రశ్న: మేం నెదర్లాండ్స్‌లో, ఆమ్‌స్టెల్వీన్‌లో ఉంటున్నాం. మా పక్కింటి పెద్దావిడ మొన్న తలుపు తీసి, మనవల బొమ్మలూ బట్టలూ ఇల్లంతా పడి ఉంటే "హౌస్‌హౌడెన్ ఫాన్ యాన్ స్టేన్" అని నవ్వేశారు. మాటకు మాట పెడితే "యాన్ స్టేన్ కాపురం" అని అర్థమైంది. ఎవరండీ ఈ యాన్ స్టేన్? మన తెలుగులో దీనికి సరిపోయే మాట ఉందా?

జవాబు: చాలా మంచి జాతీయం పట్టుకొచ్చారండీ. మాట్లాడేటప్పుడైతే "ఇల్లు కిష్కింధ చేశారు" అంటే సరిపోతుంది. పిల్లల అల్లరైతే "ఇల్లు పీకి పందిరేశారు" అనీ అంటాం. కానీ డచ్చి మాటలో ఉన్నది కిష్కింధలా పురాణంలోని చోటు కాదు, 17వ శతాబ్దంలో నిజంగా బతికిన ఒక చిత్రకారుడు. చిత్రకారుడి పేరు జాతీయంగా మారడం మనకీ ఉంది, "బాపు బొమ్మ" అలాంటిదే. కాకపోతే మనం ఆ మాటను గీసిన బొమ్మకు కట్టాం. డచ్చివాళ్ళు గీసినవాడి ఇంటికే కట్టేశారు. నాకు అభ్యంతరం ఉన్నది అక్కడే.

1663లో స్టేన్ వేసిన ఒక చిత్రం వియన్నాలోని కళా చరిత్ర మ్యూజియంలో ఉంది. ఈ జాతీయానికి అంతకంటే మంచి బొమ్మ దొరకదు. ఇంటి ఇల్లాలు కూర్చున్నచోటే కునుకు తీసింది. ఇక చూడండి: కుక్క బల్లెక్కి తింటోంది, ఓ పిల్లాడు పొగాకు గొట్టం నోట్లో పెట్టుకున్నాడు, కోతి గోడ గడియారంతో ఆడుకుంటోంది, ఒకాయన భుజం మీద బాతు నిలబడి ఉంది. నడుమ ఒక జంట, చేతిలో మద్యం గ్లాసు, లోకంతో పని లేదు. కిష్కింధ అన్నానని కాదు గానీ కోతి కూడా నిజంగానే ఉంది.

ఇదంతా చూసి "ఎంత గందరగోళం" అనుకుని వదిలేస్తే సగమే చూసినట్టు. ఎందుకంటే ఆ గందరగోళంలో చాలా వస్తువుల వెనక ఒక మాట ఉంది. నేల మీద పంది, దాని ముందు గులాబీలు కనిపిస్తాయి. పందుల ముందు గులాబీలు చల్లడం డచ్చి సామెత. మన "పందికేం తెలుసు పన్నీరు వాసన" దీనికి ఎంత దగ్గరో చూడండి, పన్నీరు కూడా గులాబీలదే కదా! కుడివైపు కింద ఒక పలక ఉంటుంది, దాని మీద సామెతలో మొదటి ముక్క రాసి ఉంది: "ఇన్ వేల్డె సీట్ టూ". కలిమిలో ఒళ్ళు దగ్గర పెట్టుకో అని భావం. ఇప్పుడు తలెత్తి చూస్తే, కప్పుకు ఉట్టిలా వేలాడుతూ ఒక బుట్ట, అందులో ఊతకర్ర, కత్తి. దరిద్రం, శిక్ష రెండూ ఆ ఇంటివాళ్ళ నెత్తి మీదే వేలాడుతున్నాయి. వాళ్ళలో ఒక్కరూ పైకి చూడటం లేదు.

అంటే ఆయన చిందరవందరగా వేయలేదు. చిందరవందరను ఒక్కో వస్తువూ ఎంచి, సరిగ్గా ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టి కట్టాడు. జాతీయం మాత్రం ఆ హెచ్చరికను వదిలేసి గందరగోళాన్నే ఉంచుకుంది.

జీవితం క్లుప్తంగా చెప్తాను. స్టేన్ 1626 ప్రాంతంలో లైడెన్‌లో పుట్టాడు. తండ్రిది బీరు కాచే వ్యాపారం. 1646లో లైడెన్ విశ్వవిద్యాలయంలో పేరు నమోదైంది, 1648లో అక్కడి చిత్రకారుల సంఘంలో చేరాడు. ప్రకృతి దృశ్యాల చిత్రకారుడు యాన్ ఫాన్ ఖోయెన్ కూతురు మార్గ్రీట్‌ను 1649లో పెళ్ళి చేసుకున్నాడు. 1654లో డెల్ఫ్ట్‌లో ఒక బీరు బట్టీ అద్దెకు తీసుకున్నాడు, అది కలిసి రాలేదు. 1660 నుంచి ఓ పదేళ్ళు హార్లెంలో ఉన్నాడు. గొప్ప బొమ్మలు చాలావరకు ఆ కాలానివే. 1672లో ఫ్రాన్స్ దండెత్తడంతో డచ్చి దేశం కుదేలై, బొమ్మలు కొనేవాళ్ళే కరువయ్యారు. ఆ ఏడే లైడెన్‌లో పానశాల నడుపుకోవడానికి అనుమతి తీసుకున్నాడు. 1679లో పోయాడు.

బీరు బట్టీ, పానశాల, తన బొమ్మల్లో తానే నవ్వుతూ కూర్చోవడం, ఇవన్నీ కలిసి ఆయనకు తాగుబోతు పేరు తెచ్చిపెట్టాయి. 1718-21లో డచ్చి చిత్రకారుల జీవితాలు రాసిన హౌబ్రాకెన్, స్టేన్ బతుకూ బొమ్మలూ ఒకటే అన్న ధోరణిలో రాశాడు. అప్పటికి స్టేన్ పోయి దాదాపు నలభై ఏళ్ళు. ఇవాళ మిగిలినవే సుమారు 350 బొమ్మలు. పొద్దస్తమానం తాగి పడుండేవాడు ఇంత పని చేయగలడా? తోటి చిత్రకారులు 1674లో ఆయన్ని లైడెన్ సంఘానికి పెద్దగా కూడా పెట్టుకున్నారు. సామెతల్ని అంత ప్రేమగా గీసినవాడి పేరు చివరికి ఇలా సామెత కావడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇంకొకరి ప్రశ్న: మీరు చెప్పింది చదివాక ఆ బొమ్మ వెతికి చూశానండీ. సామెతలు గీసినవి ఇంకా ఉన్నాయా?

జవాబు: ఉన్నాయండీ. ద హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో 1668-70 నాటి పెద్ద చిత్రం ఒకటి ఉంది. అందులో ఒక ముసలావిడ కాగితం చూసి పాడుతోంది. ఆ పాటలోనే సామెత ఉంది: పెద్దలు ఎలా పాడితే పిల్లలు అలా ఊదుతారు. డచ్చిలో "పెయ్‌పెన్" అంటే పిల్లనగ్రోవి లాంటిది ఊదడమూ, పొగ గొట్టం పీల్చడమూ. స్టేన్ ఆ రెండర్థాలనీ వాడుకున్నాడు. ఒకడు తిత్తివాద్యం ఊదుతుంటే, నవ్వుతున్న తండ్రి కొడుక్కి పొగ తాగడం నేర్పుతున్నాడు. ఆ తండ్రి ముఖం స్టేన్‌దే. విన్నది తిరిగి పలికే చిలకను కూడా పెట్టాడు.

ఇది అచ్చం మన "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?"నే. మన సామెత నేరుగా పెద్దవాళ్ళను నిలదీస్తుంది. స్టేన్ ఆ తప్పు చేస్తున్న పెద్దమనిషికి తన ముఖమే ఇచ్చాడు. ఈ పని చేయడానికి చాలా ధైర్యం కావాలి.

మొదట అడిగినవారు: చాలా థాంక్సండీ. అయితే పొందికగా సర్దిన ఇంటికి వాళ్ళ దగ్గర ఇలాంటి మాట లేదా?

జవాబు: చిత్రకారుడి పేరుతో నేనైతే వినలేదు. ఉంటే పీటర్ డె హోఖ్ పేరు పెట్టాల్సింది. ఊడ్చిన పెరడు, తలుపులోంచి పడే వెలుగు, పిల్లనెత్తుకున్న తల్లి, ఇవే ఆయన బొమ్మలు. ఇద్దరు ఆడవాళ్ళు మడతపెట్టిన బట్టలు బీరువాలో సర్దుతున్న ఆయన చిత్రం ఆమ్‌స్టర్‌డాంలోని రైక్స్ మ్యూజియంలో ఉంది, మీకు దగ్గరే. దాని మీద సంవత్సరం కూడా 1663. స్టేన్ కోతినీ పందినీ వేసిన ఏడాదే అది.