జీడి కుక్కర్లకి ఆర్డ్యునోతో టైమర్, బోర్డు మాత్రం మళ్లీ వాడుకోవాలి

పలాస_పిక్క:
నాన్న చిన్న జీడి యూనిట్ నడుపుతారు. పచ్చి పిక్కలకి ఆవిరి పట్టే కుక్కర్లు రెండున్నాయి, ఒకటి పెట్టిన కాసేపటికి రెండోది పెడతారు కాబట్టి దేని టైమ్ దానిదే. ఇప్పటిదాకా గోడ గడియారం చూసి పక్కన సుద్దతో రాసుకుంటున్నారు. ఫోన్లో అలారం పెట్టుకోమంటే, ఈ జీడి నూనె చేతులతో ఫోన్ ఎవడు ముట్టుకుంటాడ్రా అంటారు, అదీ నిజమే. ఇంజనీరింగ్‌లో కొన్న ఆర్డ్యునో ఊనో (ప్రోగ్రాం ఎక్కించుకునే చిన్న కంట్రోల్ బోర్డు) ఉంటే దానికి రెండు బటన్లు, రెండు డిస్‌ప్లేలు, ఒక బజర్ తగిలించాను. ఒక కుక్కరుకి బాగానే ఉంది గానీ, అది నడుస్తుండగా రెండో బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. డిలే(1000), అంటే ఒక సెకను ఆగమని పెట్టి సెకన్లు తగ్గిస్తున్నాను. ఈ బోర్డు తర్వాత వేరే పనులకి కావాలి, డబ్బాలో ఇరికించి సోల్డర్ చేసేయడం ఇష్టం లేదు. ఆర్‌టీసీ మాడ్యూల్ (టైమ్ కచ్చితంగా చూసే గడియారం చిప్) కూడా కొనాలా?

బొబ్బిలి_రిపేర్లు:
ముందు ఆ డిలే తీసెయ్ తమ్ముడూ. అది నడిచినంతసేపూ చిప్ ఇంకో పని చూడదు, ఆ సెకనులో నువ్వు నొక్కి వదిలేస్తే దానికి తెలియనే తెలియదు. మిల్లీస్() వాడు. బోర్డు ఆన్ అయినప్పటి నుంచి ఎన్ని మిల్లీసెకన్లు అయిందో చెబుతుంది. బటన్ నొక్కగానే ఆ అంకె దాచుకో, కుక్కరుకి ఒకటి చొప్పున. లూప్ (ప్రోగ్రాంలో మళ్లీ మళ్లీ నడిచే భాగం) తిరిగినప్పుడల్లా ఇప్పటి అంకెలోంచి దాచింది తీసేస్తే ఎంతసేపైందో వచ్చేస్తుంది, రెండు కాదు పది కుక్కర్లయినా నడుస్తాయి. అంకె దాచే వేరియబుల్ అన్‌సైన్డ్ లాంగ్ పెట్టు, అది పెద్ద అంకెలు పట్టే రకం. చిన్న రకం ఇంట్ పెడితే ఊనోలో 32,767 దగ్గర ఆగిపోతుంది, అంటే అర నిమిషం దాటగానే లెక్క తప్పుతుంది. 49.7 రోజులకి మిల్లీస్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుందని ఎవరైనా భయపెడితే పట్టించుకోకు, ఇలా తీసివేతతో రాస్తే ఏమీ కాదు.

వైర్ల_విజయనగరం:
ఆర్‌టీసీ ఎందుకు బ్రో? ఊనో క్లాక్ సిరామిక్ రెసొనేటర్ మీద నడుస్తుంది, అది క్రిస్టల్ అంత కచ్చితం కాదు, అర శాతం తేడా ఉందనుకున్నా అరగంటకి 9 సెకన్లు. పిక్కలకి అదొక లెక్కా! అదే గోడ గడియారం చెయ్యాలంటే రోజుకి 7 నిమిషాల దాకా పోతుంది, అప్పుడు డీఎస్3231 లాంటి ఆర్‌టీసీ కావాలి.

బోర్డు సంగతికొస్తే, దాని మీద 28 కాళ్ల పొడుగు చిప్ సాకెట్‌లో ఉందో లేదో చూడు. ఉంటే బూట్‌లోడర్ (యూఎస్‌బీ నుంచి ప్రోగ్రాం ఎక్కించుకోనిచ్చే చిన్న ప్రోగ్రాం) ఎక్కించిన ఏటీమెగా328పీ, అదే ఆ చిప్, ఇంకోటి కొనుక్కో. పాతది తీసి కొత్తది సాకెట్‌లో పెట్టి, నీ ప్రోగ్రాం ఎక్కించి, జీరో పీసీబీ (సోల్డర్ చేసుకునే చిల్లుల బోర్డు) మీదికి మార్చెయ్. అక్కడ 28 పిన్నుల ఐసీ బేస్ (చిప్ సాకెట్), 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, 22 పీఎఫ్ కెపాసిటర్లు రెండు, రీసెట్ పిన్నుకి 10కె రెసిస్టర్, సప్లై దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, అంతే. చిప్ తీసేటప్పుడు సన్న స్క్రూడ్రైవర్ ఒకసారి ఈ చివర, ఒకసారి ఆ చివర దూర్చి కొంచెం కొంచెం లేపు, ఒకవైపే ఎత్తితే కాళ్లు వంగిపోతాయి. చిన్న చదరపు చిప్ అతికించి ఉన్న బోర్డయితే ఈ పని కుదరదు, నానో (ఊనో లాంటిదే, చిన్న బోర్డు) కొని ఆడ హెడర్లలో (పిన్నులు దూరే సాకెట్లు) గుచ్చి వాడుకో.

పలాస_పిక్క:
సాకెట్‌దే అన్నా! మరి మధ్యలో కరెంటు పోతే?

బొబ్బిలి_రిపేర్లు:
కరెంటు పోతే లెక్క పోతుంది, బాయిలర్ కింద మంట పోదు కదా. పవర్ బ్యాంక్ మాత్రం పెట్టకు, ఇంత తక్కువ కరెంటు లాగితే చాలావాటికి ఏమీ తగిలించలేదనిపించి వాటంతటవే ఆగిపోతాయి. 12 వోల్టుల చిన్న బ్యాటరీ, దానికి చార్జర్ పెట్టెయ్. ఎలాగూ బాయిలర్ చప్పుడులో ఆ బుల్లి బజర్ వినపడదు, హూటర్ కావాలి, అదీ 12 వోల్టులదే దొరుకుతుంది. పిన్నుకి నేరుగా తగిలించకు, పిన్ను మీద 20 మిల్లీయాంపులు మించి లాగకూడదు, మధ్యలో రిలే మాడ్యూల్ (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) ఉండాలి. చిప్‌కి బక్ కన్వర్టర్‌తో 5 వోల్టులకి దించు. బటన్లు పెద్దవి తీసుకుని పైన పల్చటి ప్లాస్టిక్ కవర్ బిగించు, జీడి నూనె లోపలికి దిగిందంటే నాలుగు రోజుల్లో జిగురుపట్టి నొక్కుకుపోతాయి.